కాగితం లేని ఎనిమిది రోజులు

"ఫైలుకి రెండు ముఖాలుంటాయి," అన్నాడు ఈ వారంతో పని ముగించుకుని వెళ్ళిపోతున్న పాత క్లర్కు, తెల్లనాడా ముడి విప్పుతూ. "ఇటునుంచి తెరిస్తే అసలు కేసు. బోర్లా తిప్పి అటునుంచి తెరిస్తే చిన్న పిటిషన్లు. గడువు ఇప్పించండి, ఆలస్యం మన్నించండి, ఇంకో కాగితం జతచేసుకోనివ్వండి, అన్నీ అటువైపే ఉంటాయి. చాలామంది ఇటువైపు చదివేసి చేతులు దులుపుకుంటారు."

"రెండువైపులా చూస్తాను అన్నా," అంది ఆమె.

"మొదటిరోజు అందరూ అలాగే అంటారు," అని నవ్వాడు.

జడ్జిగారి ఛాంబరును ఆనుకుని ఉన్న పొడుగాటి గది అది. ఒక గోడ పొడవునా ఇనుప ర్యాకులు, వాటిలో నిలబెట్టిన ఫైళ్ళు, కిటికీ కింద రెండు బల్లలు. ఒక బల్ల ఆమెకు, రెండోది ఆమెతోపాటు వచ్చిన అబ్బాయికి ఇచ్చారు. అతనికి లా కాలేజీలో బంగారు పతకం వచ్చిందన్న సంగతి బంట్రోతుకు ఎలా తెలిసిందోగాని, పదకొండు గంటలకల్లా గదిలో అందరూ అతన్ని గోల్డ్ మెడల్ అనే పిలుస్తున్నారు. లా క్లర్కు ఉద్యోగం ఒకటే. గురువారం దాకా ఇద్దరిచేతా పని చేయించి, ఆ సాయంత్రం జడ్జిగారు ఒకరిని ఉంచుకుంటారు. ఆమె పదకొండుమంది జడ్జీలకు దరఖాస్తు పెట్టుకుంటే, రమ్మని పిలిచింది ఈయన ఒక్కరే.

పని వినడానికి తేలికే. మర్నాటి కేసుల ఫైళ్ళు చదివి ఒక్కోదానికి ఒక్క పేజీ నోటు రాయాలి. ఎవరు ఏమడుగుతున్నారు, తేదీలు, కింది కోర్టు ఏమంది, తేల్చాల్సింది ఏమిటి, అంతే. కోర్టు హాల్లోకి వెళ్ళేముందు జడ్జిగారికి ఒక్కో కేసు మీద దొరికేది ఒకటిన్నర నిమిషం. రెండో పేజీలోకి పాకిన నోటును ఆయన తిట్టరు, చదవరు కూడా. పక్కన పెట్టేస్తారు.

సోమవారం వాళ్ళ వాటాకు పంతొమ్మిదేసి ఫైళ్ళు వచ్చాయి. ఆమె తేదీలున్నచోట పసుపు చీటీ, తగువున్నచోట గులాబీ చీటీ అంటిస్తూ చదివింది. చదివినదాన్ని నాలుగు వాక్యాల్లోకి దించడం ఆమెకు అలవాటే. ఎనిమిది నెలలుగా పిన్ని జెరాక్సు షాపులో ఇతర లాయర్ల బ్రీఫులకు స్పైరల్ బైండింగ్ చేస్తూ, అట్ట వేసేముందు ఒక్కోటీ చదివేది. మధ్యాహ్నానికి పది అయ్యాయి. నాలుగింటికి పద్నాలుగు. ఐదున్నరకు పద్దెనిమిది. అప్పటికి గోల్డ్ మెడల్ కోటు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, ఏదో మరిచిపోయినవాడిలా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఇంకా ఎన్నున్నాయండీ?"

"ఒక్కటి. పల్చగా ఉంది."

"పల్చటివే ముంచుతాయి," అని అతను వెళ్ళిపోయాడు.

అది ఒక బడిలో పనిచేసిన ల్యాబు అటెండరు కేసు. ఆసిడ్ సీసాను అలమారలో పెట్టి తాళం వేయకుండా బల్లమీద వదిలేశాడని, ఒక పిల్లవాడి చెయ్యి కాలిందని, ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజు తాళంచెవి తన దగ్గర లేదని అతని వాదన. కింద ఓడిపోయి పై కోర్టుకు వచ్చేసరికి గడువు దాటి డెబ్భై ఒక్క రోజులైంది. బడి యాజమాన్యం తరఫున జవాబుగా వేసిన కౌంటరులో ఇరవై రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: 'ఈ ఆలస్యానికి ఎలాంటి కారణమూ చూపలేదు.' పొట్టిగా, శుభ్రంగా ఉన్న వాక్యం. ఆమె దాన్ని నోటులోకి దించుకుంది. తేదీల దగ్గర పసుపు చీటీ అంటించి, నాడా ముడి బిగించి, పంతొమ్మిదో నోటును దొంతిమీద పెట్టింది. ఆరింటికి ఐదు నిమిషాలుంది.

కోర్టు పక్కగేటుకు ఎదురుగా ఉన్న షాపులో పిన్ని కొత్త కాగితాల కట్టను విసనకర్రలా విదిలిస్తోంది. అలా గాలి ఆడించకపోతే మిషనులో రెండేసి అతుక్కుని పోతాయి.

"ఏమే లాయరమ్మా, నెగ్గావా?"

"ఇవ్వాళే సోమవారం పిన్నీ. నాతో ఇంకొకడున్నాడు. గోల్డ్ మెడల్."

"మెడలో వేసుకునే తిరుగుతాడా?"

"లేదులే. మంచివాడే."

"మంచివాడైతే మానుకుని పొమ్మను," అంది పిన్ని, ట్రే లోపలికి తోస్తూ. "ఎనిమిది నెలలు నా పక్కన కూచుని కన్నాలు పొడిచావు. ఆ చేతులకు కన్నాలు పొడిచే పని ఇక చాలు."

*

మంగళవారం కోర్టు హాల్లో క్లర్కులు కూచునే పక్కబెంచీ మీద వాళ్ళిద్దరికీ చోటిచ్చారు. జడ్జిగారి ఎదుట నోట్ల దొంతి ఉంది. పైన ఉన్నది ఎవరి నోటో ఆయన చేతి కదలికనుబట్టి తెలిసిపోతోంది. గోల్డ్ మెడల్ నోట్లను వేలితో తిరగేస్తున్నారు. ఆమె నోట్లమీద వేలు పెట్టి, కిందికి జార్చి, తలెత్తుతున్నారు.

ల్యాబు అటెండరు కేసు పిలిచేసరికి పన్నెండు దాటింది. అతని లాయరు రాలేదు. ఆయన జూనియరు లేచి, మా సీనియరు వేరే హాల్లో ఉన్నారు, వాయిదా ఇప్పించండి అన్నాడు.

జడ్జిగారు నోటుమీద వేలు పెట్టారు. "డెబ్భై ఒక్క రోజుల ఆలస్యం. ఎందుకైందో చెప్పారా?"

జూనియరు తన కాగితాల్లో వెతుక్కున్నాడు. అతని దగ్గర ఉన్నది వాయిదా చీటీ ఒక్కటే. "సీనియరుగారు వచ్చి చెబుతారండీ."

"ఇప్పటికి మూడు వాయిదాలయ్యాయి. కారణమంటూ ఏదైనా ఉంటే కాగితం మీద ఉండాలి కదా," అన్నారు జడ్జిగారు. ఆయన గొంతులో కోపం లేదు. స్టెనో వైపు తిరిగి, "డెబ్భై ఒక్క రోజుల ఆలస్యానికి ఎలాంటి కారణమూ చూపలేదు. కొట్టివేయడమైనది," అని చెప్పారు.

ఆఖరి బెంచీ దగ్గర ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. క్లాసులో సందేహం అడగబోయే పిల్లవాడిలా కుడిచెయ్యి సగందాకా ఎత్తాడు. ఆ చేతి వేళ్ళ చివర్లు పసుపుపచ్చగా, ఎండిన తోలులా ఉన్నాయి. బంట్రోతు కళ్ళతోనే దించమన్నాడు. పెద్దాయన చెయ్యి దించాడు. అప్పటికే తర్వాతి కేసు పిలుస్తున్నారు. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

ఆమె అతన్ని చూసింది. చూసి, తర్వాతి నోటు తనదా కాదా అని దొంతివైపు చూసింది.

*

తేలిపోయిన కేసుల ఫైళ్ళను బుధవారం రికార్డు గదికి పంపాలి. పంపేముందు అట్టమీద రెండు అంకెలు వేయాలి: ముందువైపు ఎన్ని పేజీలు, వెనకవైపు ఎన్ని పేజీలు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఆ పనిలో పడింది. ల్యాబు అటెండరు ఫైలు ముందువైపు నలభై ఒకటి. అంకె వేసి, ఫైలును బోర్లా తిప్పి, వెనకనుంచి తెరిచింది.

నాలుగు కాగితాలున్నాయి. మొదటిది ఆలస్యం మన్నించమని అచ్చుకొట్టిన పిటిషను. దాని కింద చేత్తో రాసిన ఒకే ఒక్క కాగితం. ప్రయోగాలు రాసుకునే రికార్డు పుస్తకంలోంచి జాగ్రత్తగా చించింది అది. ఒకవైపు గీతలు, రెండోవైపు బొమ్మలు వేసుకోవడానికి వదిలిన తెల్లఠావు. తర్వాత ఆస్పత్రి కాగితం, ఆ వెనక మరణ ధ్రువపత్రం.

ఆమె నిలబడే చదివింది.

'అయ్యా, ఆలస్యమైన మాట నిజము. మొదటి అరవై మూడు రోజులు నా భార్య ఆస్పత్రిలో ఉన్నది. రుజువు కాగితము జతచేసినాను. ఆ రోజుల్లో నేను ఆమె మంచము వద్దనుండి కదలలేదు. తనకు కనబడేచోట కూర్చోమని డాక్టరు చెప్పలేదు, తనే చెప్పినది...'

చివరిదాకా చదివి మళ్ళీ మొదటికి వచ్చింది. అక్షరాలు సీసాలమీద పేర్లు రాసేవాడి అక్షరాలు, విడివిడిగా, ఎవరు ఏ దూరాన్నుంచి చూసినా పొరబడకుండా ఉండేలా రాసినవి.

తను రాసిన నోటు నకలు తీసింది. 'ఎలాంటి కారణమూ చూపలేదు.' ఆ వాక్యానికి ముందు 'అని ఎదుటిపక్షం అంటోంది' అన్న మాట ఉండాలి. లేదు. ఎదుటిపక్షం వాదన ఆమె చేతిమీదుగా జడ్జిగారి మాట అయిపోయింది.

పాత క్లర్కు గది మూల తన బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు. ఆమె ఫైలు అతని ముందు పెట్టి వెనకవైపు తెరిచింది. అతను చదివాడు. నోటు నకలు చదివాడు. సొరుగు నెమ్మదిగా మూసేశాడు.

"ఆర్డరు సంతకమైందా?" అన్నాడు.

"నాలుగింటికి ఫోల్డరు లోపలికి వెళుతుందట. స్టెనోగారు ప్రింటు తీస్తున్నారు."

"అయితే ఇంకా టైముంది. సంతకం పడేదాకా అది ఆయన నోటిమాటే. పిలిచి ఇంకో తేదీ వేస్తారు, ఐదు నిమిషాల పని. సంతకం పడ్డాక మాత్రం ఆయన కూడా ఊరకే ముట్టుకోలేరు. వెళ్ళి చెప్పు."

"చెబితే నన్ను ఉంచుకుంటారా అన్నా?"

అతను ఫైలు మూసి ఆమె వైపు జరిపాడు. "ఏమో. నేనైతే చెప్పేవాణ్ణి అనడం ఇప్పుడు తేలిక. నా సంచి సర్దేసుకున్నాను కదా."

నాలుగింటికి ఫైలు పట్టుకుని ఛాంబరు తలుపు తోసింది. లోపల గోల్డ్ మెడల్ నిలబడి ఉన్నాడు. జడ్జిగారి ముందు సంతకాల ఫోల్డరు తెరిచి ఉంది. ఆయన సంతకం చేస్తూనే అతనికి చెబుతున్నారు.

"నీకు తెలివి లేక కాదయ్యా. తెలిసినదంతా నాకు చెప్పాలనే తాపత్రయం. రెండో పేజీ, మూడో పేజీ! నిన్నటి కేసుకు ఈ అమ్మాయి రాసిన నోటు చూడు, ఆ ల్యాబు కేసుది. నాలుగు వాక్యాలు. చదివాను, తేల్చాను. నోటంటే అలా ఉండాలి."

గోల్డ్ మెడల్ ఆమెవైపు తిరిగి తల ఊపాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

జడ్జిగారు కళ్ళజోడు మీదుగా చూశారు. "ఏమ్మా, ఏమైనా ఉందా?"

ఫైలు ఆమె గుండెలకు ఆనించి ఉంది. వెనకవైపు అట్ట బయటికి ఉంది. చెప్పాల్సినది ఆమె వసారాలో కూడబలుక్కునే వచ్చింది. మూడు వాక్యాలు. మొదటిది, చిన్న పొరపాటు జరిగిందండీ.

"లేదండీ," అంది. "ర్యాకులో పెట్టడానికి తెచ్చాను."

"సరే, పెట్టేయ్."

ర్యాకు ఆయన కుర్చీ వెనకే ఉంది. ఆమె అక్కడికి వెళ్ళి, వంగి, ఫైలు పెట్టే చోటు వెతుకుతున్నట్టు నిలబడింది. ఆయన పేజీ తిప్పారు. భుజం మీదుగా చూస్తే ల్యాబు కేసు నంబరు కనబడింది. పెన్ను కాగితం మీద ఒక పొడుగు గీత, ఒక చుట్ట, ఒక చుక్క వేసింది. ఆయన తర్వాతి పేజీ తిప్పారు.

గదిలోకి తిరిగి వచ్చాక పాత క్లర్కు తలెత్తాడు. ఆమె ముఖం చూసి సొరుగు మళ్ళీ తెరిచాడు.

*

గురువారం ఐదింటికి ఆమెను పిలిచారు. జడ్జిగారు లేచి నిలబడి మరీ, "ఏడాదిపాటు నన్ను భరించాలి నువ్వు," అన్నారు. మంచి మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో అలసట తీరినట్టు కనిపించింది. స్టెనో ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమన్నాడు. ఛాంబరులో చూసినది, విన్నది, రాసినది బయట ఎవరికీ చెప్పనని హామీ. ఆమె సంతకం చేసింది. తర్వాత పూర్తిగా చదివింది.

గోల్డ్ మెడల్ గేటు దాకా కలిసి నడిచాడు. "మీరు పొట్టిగా రాస్తారు. నాకు చేతకాలేదు," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైనా బాగుండేది.

పిన్ని ఆ సాయంత్రం షాపు షట్టరు అరగంట ముందే దింపింది. పక్కషాపు స్టాంపులాయన్ను పిలిచి మరీ చెప్పింది. "మా అక్క ఉంటే ఇవ్వాళ నేల మీద నిలిచేది కాదు," అంది ఒకసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అన్నం దగ్గర ఆమె కంచంలో కెలుకుతుంటే, "ఉద్యోగం రాకముందు ఆకలుండదు, వచ్చాక అరగదు. నీతో ఎలా చచ్చేదే?" అంది. ఆమె నవ్వింది. నవ్వు వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం రోజంతా పడుకుంది. తలనొప్పి అని చెప్పింది.

*

సోమవారం చేరాలి. శనివారం పిన్నికి సాయంగా షాపులో కూచుంది. ఉదయం నుంచి రద్దీగానే ఉంది. పిన్ని మిషను దగ్గర, ఆమె కంప్యూటరు దగ్గర. నంబరు చెబితే కోర్టు వెబ్‌సైటులోంచి ఆర్డరు ప్రింటు తీసివ్వడం ఆమె పని. పదకొండింటికి ఎవరో బల్లమీద ఒక చీటీ పెట్టారు. ఆమె తలెత్తకుండానే నంబరు కొట్టింది. సగం కొట్టేసరికి ఆ అంకెలు తనకు తెలుసని తెలిసింది. చీటీమీద ఆనించిన వేళ్ళ చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

ప్రింటరు ఒక కాగితం వదిలింది.

"ఒక్క పేజీయేనా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క పేజీయేనండీ."

ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి చూశాడు. "కోర్టు భాష నాకు రాదు. ఆలస్యం వల్ల కొట్టేశారని జూనియరు అన్నాడు, లాయరుగారు ఫోను ఎత్తడం లేదు. ఏం రాశారో కాస్త చెబుతావా?"

"చెప్పవే," అంది పిన్ని మిషను దగ్గరనుంచి. "మా అమ్మాయి లా చదివిందండీ. సోమవారం నుంచి జడ్జిగారి దగ్గరే ఉద్యోగం. మీకు దీనికంటే బాగా చెప్పేవాళ్ళు ఈ వీధిలో దొరకరు."

ఆమె కాగితం అందుకుంది. నంబరు చెప్పింది, తేదీ చెప్పింది. తర్వాత, "ఈ ఆలస్యానికి ఎలాంటి కారణమూ చూపలేదు, అందుకని కొట్టేస్తున్నాం అని ఉందండీ," అంది.

పెద్దాయన బల్ల అంచు పట్టుకున్నాడు. మిషను వెలుగు గోడమీద అటూ ఇటూ పోతోంది.

"నేను రాసిచ్చానమ్మా," అన్నాడు చివరికి. ఫిర్యాదులా అనలేదు. "కాగితం రాసిచ్చాను. అంటే, అది వాళ్ళకు కారణంలా కనబడలేదన్నమాట."

ఆమె కాగితాన్ని బల్లమీద పెట్టింది.

"అరవై మూడు రోజులకి ఆస్పత్రివాళ్ళ కాగితం ఉంది, పెట్టాను. తర్వాత ఎనిమిది రోజులకి ఏం పెట్టాలో తెలియలేదు. అక్కడే పోయుంటుంది. లాయరుగారు అప్పుడే అన్నాడు, ఆ ఎనిమిది రోజులు ఏదో ఒకటి రాద్దాం, జ్వరమని రాద్దాం అని. నేనే వద్దన్నాను. జ్వరం రాలేదు కదా, రానిది వచ్చిందని ఎలా రాస్తాం?" ఆయన చీటీని మడిచాడు, మళ్ళీ విప్పాడు. "రాయాల్సింది. పెద్దవాళ్ళు, అన్నీ చదివే రాసుంటారు. ఆవిడ పోవడం ఒక్కటే చాల్లేదు వాళ్ళకి."

"చదవలేదండీ," అంది ఆమె.

"ఆఁ?"

"మీరు రాసింది ఎవరూ చదవలేదు." కుర్చీలోంచి లేచింది. "జడ్జిగారు అన్ని ఫైళ్ళూ చదవలేరండీ. మాలాంటివాళ్ళు చదివి, ఒక పేజీ రాసిస్తే అది చూస్తారు. మీ ఫైలు చదివింది నేను. మీ కాగితం వెనకవైపు ఉంది. వెనకవైపు తెరవాలని నాకు చెప్పారు కూడా. నేను తెరవలేదు. సాయంత్రమైందని, పల్చటి ఫైలని, ముందువైపే చూసి రాసిచ్చేశాను. కారణం లేదన్న మాట నేను రాసిందే."

మిషను ఆగింది. పిన్ని కాపీల కట్ట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తర్వాత చూశాను," అంది ఆమె. అది కూడా చెప్పకపోతే మొదటిది చెప్పీ లాభం లేదు. "బుధవారం మూడింటికి చూశాను. నాలుగింటికి సంతకం పడింది. ఆ గంటలో చెబితే ఆగిపోయేది. ఆయన ఎదురుగా నిలబడే ఉన్నాను. ఏమైనా ఉందా అని అడిగారు కూడా. లేదన్నాను."

"నా మిషను కూడా రెండువైపులా తీస్తుంది కదే," అంది పిన్ని చాలా మెల్లగా. అది హాస్యంగా మొదలై మధ్యలో విరిగిపోయింది.

పెద్దాయన ఆమెవైపు చూస్తున్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది. ఆయన ముఖంలో ఏదో లెక్క చేసుకుంటున్నట్టుంది.

"అయితే వాళ్ళెవరూ చూడనే లేదు," అన్నాడు.

"లేదండీ."

"చూసి చాల్లేదనలేదు."

"లేదండీ. ఎవరూ అనలేదు."

"ఇంకా ఎవరూ కాదనలేదన్నమాట."

పిన్ని స్టూలు ముందుకు తోసింది. ఆయన దానిమీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, కిందికి చూస్తూ ఊపిరి వదిలాడు. "మంగళవారం నుంచి అన్నం ముద్ద ఎత్తితే అదే," అన్నాడు. "దాని మంచం పక్కన కూచోవడం కారణం కాదట అని. నేను వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోయానే అని."

ఒకతను కాపీలకోసం లోపలికి రాబోయి, ముగ్గురి ముఖాలూ చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె చెప్పింది: ఆర్డరును మళ్ళీ పరిశీలించమని, అది వచ్చిన ముప్పై రోజుల్లో రివ్యూ వేయవచ్చు. కారణం చూపలేదని ఆర్డరులో ఉంది, చూపిన కాగితం ఫైల్లోనే ఉంది. అది చాలు. ఐనా నోటు రాసింది తనేనని, వెనకవైపు చూడలేదని తను కూడా రాసి సంతకం చేసి ఇస్తుంది. దానితోపాటు పెట్టమంది.

"మరి నీ ఉద్యోగం?"

పిన్ని చేతిలోని కాపీల కట్టను మిషను మీద పెట్టింది.

"సోమవారం వెళ్ళి జడ్జిగారికి నేనే చెబుతానండీ. బయట చెప్పనని సంతకం పెట్టాను, ఇప్పుడు మీకు చెప్పాను కదా. అదీ చెబుతాను."

పెద్దాయన ఆలోచించాడు. "వద్దమ్మా అనడం మర్యాద," అన్నాడు. "కానీ అనలేను. నాకు ఆ కేసు కావాలి. ఇరవై ఆరేళ్ళు చేశాను. అజాగ్రత్త అని రాసి పంపారు నన్ను."

"అనొద్దండీ," అంది ఆమె.

ఆమె తెల్లకాగితం తీసుకుని బల్లమీదే రాసింది. మొదటిసారి తేదీ తప్పు వేసి కొట్టేసింది. ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. పొట్టిగా రాయాలని చూడలేదు. ఎన్ని గంటలకు ఫైలు తెరిచిందో, ఏ పేజీలోంచి ఏ వాక్యం ఎత్తిందో, బుధవారం ఏ సమయానికి ఏం చూసిందో, ఎవరి ఎదుట ఏం అనలేదో అన్నీ రాసింది. రెండో పేజీ సగం దాకా వచ్చింది. సంతకం పెట్టేముందు పిన్నివైపు చూసింది. పిన్ని గోడవైపు తిరిగి కాగితాల కట్ట విదిలిస్తోంది. అప్పటికే విదిలించిన కట్ట అది.

"పెట్టు," అంది పిన్ని, తిరగకుండానే. "కన్నాలు పొడవడం ఎలాగూ వచ్చు కదా."

ఆమె సంతకం పెట్టింది. పెద్దాయన ఆ రెండు పేజీలూ తీసుకుని అంచులు కలిపి, ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. పెడుతూ, అదే కవరులోంచి ఇంకో కాగితం బయటికి తీశాడు. గీతల కాగితం, కార్బన్ నకలు.

"నీకు పని లేకపోతే," అన్నాడు, "ఇది ఒకసారి పైకి చదువుతావా? రాశాక నేను మళ్ళీ చూసుకోలేదు. చూసుకోలేకపోయాను. అక్కడ ఎవరైనా చదువుతారు, విందామని పొద్దుటినుంచీ కూచున్నాను."

పిన్ని వెళ్ళి మిషను స్విచ్చి ఆపేసింది. ఫ్యాను చప్పుడు కాసేపు తిరిగి ఆగిపోయింది. గుమ్మంలో అతను చెప్పులు విప్పి లోపలికి వచ్చి, గోడవారగా నిలబడ్డాడు.

ఆమె నిలబడే చదివింది. ఆలస్యమైన మాట నిజము అని చదివింది. అరవై మూడు రోజులు చదివింది. కనబడేచోట కూర్చోమని డాక్టరు చెప్పలేదు, తనే చెప్పినది అన్నచోట ఆగాల్సి వచ్చింది. పెద్దాయన తొందరపెట్టలేదు. మళ్ళీ అందుకుంది.

"'ఆమె పోయిన తరువాత ఎనిమిది రోజులు ఏ రోజు ఏ వారమో నాకు తెలియలేదు. మా ఇంట్లో గడియారము ఉన్నది. అది నడుచుచునే ఉన్నది. నేను జబ్బు పడలేదు. ఊరికి పోలేదు. ఇంట్లోనే ఉన్నాను. ఆమె మంచమునకు ఎదురుగా కూర్చునే ఉన్నాను. తొమ్మిదోనాడు లేచి లాయరుగారి వద్దకు వచ్చినాను. ఆ ఎనిమిది రోజులకు నా వద్ద కాగితము లేదు. క్షమించగలరు.'"

ఆమె కాగితం కిందికి దించింది.

"అయిపోయిందా?" అన్నాడు పెద్దాయన.

"కింద మీ సంతకం, తేదీ ఉన్నాయండీ."

"అవి కూడా చదువమ్మా."

ఆమె చదివింది.